దూరపు గురికి చిన్న తూటా: రైఫిలు కొనేముందు చూసుకోవలసిన విషయాలు

నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి అమెరికా వెళ్ళిన కుటుంబాలు ఎక్కువగా టెక్సాస్, కాలిఫోర్నియా, న్యూజెర్సీ వంటి చోట్లే ఉన్నా, ఉద్యోగరీత్యా సౌత్ డకోటా, నెబ్రాస్కా, మోంటానా వంటి పచ్చిక మైదానాల రాష్ట్రాలకు చేరినవారు కూడా కొందరున్నారు. సౌత్ డకోటాలోని రాపిడ్ సిటీలో ఉంటున్న మా మేనల్లుడు, అతని స్నేహితులు వేసవిలో పశువుల మేత భూములకు వెళ్ళి, ఆ భూముల యజమానుల అనుమతితో బొరియల్లో బతికే ప్రెయిరీ డాగ్ అనే చిన్న జంతువులను దూరం నుంచి కొట్టే వేటలో పాల్గొంటుంటారు. రైఫిలు కొనబోయే ప్రతివారికీ మొదట ఎదురయ్యే ప్రశ్న, ఇన్ని చిన్న క్యాలిబర్ (గొట్టపు వెడల్పు) తూటాల్లో దేన్ని ఎంచుకోవాలన్నదే. కావలి నుంచి వెళ్ళి వారి దగ్గర ఉన్న రోజుల్లో ఈ తూటాలను వారి రైఫిళ్ళతో నేను స్వయంగా కాల్చి చూశాను. కళాశాలలో ఎన్.సి.సి. శిక్షణలో .22 రైఫిలు పట్టిన నాటి నుంచి ఈ విద్య మీద నాకున్న శ్రద్ధ తగ్గలేదు. అందువల్ల నా అభిప్రాయాన్ని వివరంగానే రాస్తున్నాను.

చెప్పదలచిన మాట ముందే చెబుతాను. మొదటి రైఫిలు కొనేవారు .223 రెమింగ్టన్ తీసుకోవాలి. వేగం అంకెలు చూసి .22-250 అనే మరింత వేగమైన తూటా వైపు పోవలసిన అవసరం చాలామందికి లేదు. ఆ మైదానాల్లో గురిని చెడగొట్టేది గుండు కిందికి దిగడం కాదు, పక్కనుంచి వీచే గాలి. గాలిని అంచనా వేయడం చేతికి రావాలంటే తూటాలు విరివిగా కాల్చాలి. విరివిగా కాల్చాలంటే తూటా చవకగా, ఏ ఊళ్ళోనైనా దొరికేదిగా ఉండాలి.

ముందు గురి ఎంత చిన్నదో తెలుసుకోవాలి. ప్రెయిరీ డాగ్ ఉడుత జాతికి చెందిన జంతువు. నల్లతోక రకం తోకతో కలిపి 14 నుంచి 17 అంగుళాల పొడవు, ఒకటిన్నర నుంచి మూడు పౌన్ల బరువు ఉంటుంది. బొరియ గట్టు మీద నిటారుగా నిలబడి కాపలా కాస్తున్నప్పుడు మనకు దొరికే వెడల్పు మూడు, నాలుగు అంగుళాలే. మంచి రైఫిలు, మంచి తూటా, నిలకడైన చెయ్యి మూడూ కలిసి 100 గజాల దగ్గర గుళ్ళన్నిటినీ ఒక అంగుళం వృత్తంలో వేయగలిగితే, అదే పొందిక 300 గజాల దగ్గరకు వెళ్ళేసరికి మూడంగుళాల వృత్తం అవుతుంది. అంటే ఆకు కదలని రోజున కూడా మన గురి ఆ జంతువు వెడల్పుకు సరిగ్గా సరిపోతుందే తప్ప, పొరపాటుకు చోటు మిగలదు. డకోటా మైదానాల్లో ఆకు కదలని రోజు అరుదు. కొత్తపట్నం ఒడ్డున వల విసిరేవారు ముందు గాలి వాటం చూసుకొని ఆ తరువాతే చెయ్యి ఎత్తినట్టు, ఇక్కడ కూడా గాలి చూసిన తరువాతే ట్రిగ్గర్ మీద వేలు పెట్టాలి.

అందుచేత ఈ తూటాలను నేను ముందుగా గాలి లెక్కతోనే పోల్చాను. గంటకు 10 మైళ్ళ వేగంతో, అంటే 16 కిలోమీటర్లతో, సరిగ్గా అడ్డంగా గాలి వీస్తున్నదనుకుందాం. 300 గజాల దగ్గర .223 రెమింగ్టన్‌లోని 55 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే గుండు బరువును చెప్పే కొలత) గుండు సుమారు పది అంగుళాలు పక్కకు జరుగుతుంది. .22-250లో అదే 55 గ్రెయిన్ల గుండు సుమారు ఎనిమిదిన్నర అంగుళాలు జరుగుతుంది. .204 రూగర్‌లోని 40 గ్రెయిన్ల గుండు జరుగుదల ఏడంగుళాల పైచిలుకు. ఇవి సముద్రమట్టం దగ్గరి గాలి సాంద్రతతో వేసిన లెక్కలు. రాపిడ్ సిటీ దాదాపు 3,200 అడుగుల ఎత్తున ఉంది కనుక, గాలి పలచబడి ఈ అంకెలు అక్కడ కొంచెం తగ్గుతాయి. పోలికలో మాత్రం తేడా రాదు.

ఈ అంకెలను నిదానంగా చూడండి. .223కూ .22-250కూ మధ్య తేడా ఒకటిన్నర అంగుళం. గాలి వేగం పది మైళ్ళని మనం అనుకున్నప్పుడు నిజానికి అది పద్నాలుగు మైళ్ళైతే, .223 గుండు మనం అనుకున్నదానికంటే నాలుగంగుళాలు అవతలికి పోతుంది; .22-250 గుండు కూడా మూడంగుళాలకు పైగా పోతుంది. రెండూ ఆ జంతువును తప్పిపోతాయి. వేగవంతమైన తూటా కొన్నందువల్ల గాలిని తప్పుగా చదివిన దోషం పోదు. పైగా .223లో ఒక సౌకర్యం ఉంది. 300 గజాల దగ్గర గాలి వేగంలో ఒక్కో మైలుకు ఒక అంగుళం చొప్పున జరుగుదల లెక్క వస్తుంది కనుక, కొత్తవారు కాగితం, కలం లేకుండానే మనసులో లెక్క వేసుకోగలరు.

ఒక్కొక్క తూటా సంగతి ఇప్పుడు చెబుతాను. అన్నిటికంటే చిన్నదైన .22 లాంగ్ రైఫిల్ 1887 నుంచి ఉన్నది, మన ఎన్.సి.సి. విద్యార్థులందరికీ పరిచయమైనది. 40 గ్రెయిన్ల సీసపు గుండు సెకనుకు 1,100 నుంచి 1,250 అడుగుల వేగంతో బయలుదేరుతుంది. గురి నేర్చుకోవడానికి దీనికి మించినది లేదు గాని, దూరపు వేటకు ఇది తగదు. పైగా నెమ్మదిగా పోయే సీసపు గుండు గట్టి నేలను తాకినప్పుడు పగలకుండా ఎగిరి పక్కకు దూసుకుపోతుంది. పశువులు మేసే భూమిలో అది ప్రమాదకరం.

.17 హెచ్‌ఎంఆర్‌ను హోర్నడీ సంస్థ 2002లో తెచ్చింది. 1959 నాటి .22 మాగ్నమ్ రిమ్‌ఫైర్ తూటా మెడను నొక్కి, 17 గ్రెయిన్ల గుండు పట్టేలా చేశారు. ఆ గుండు సెకనుకు 2,550 అడుగుల వేగంతో పోతుంది. చప్పుడు తక్కువ, తన్ను (కాల్చినప్పుడు భుజానికి తగిలే ఎదురుదెబ్బ) లేదనే చెప్పాలి, వంద గజాల దగ్గర గురి ఎంతో ముచ్చటగా ఉంటుంది. కాని అంత తేలిక గుండుకు గాలిలో నిలదొక్కుకునే శక్తి లేదు. అదే పది మైళ్ళ గాలికి 200 గజాల దగ్గరే అది పదిహేను అంగుళాల దాకా పక్కకు పోతుంది. ఉదయం పూట గాలి లేచేలోపు, నూట పాతిక గజాల లోపల కాల్చేవారికి ఇది చక్కని తూటా. దూరపు గురి అన్న మాటకు మాత్రం ఇది అందదు. .22 హార్నెట్ గురించి కూడా ఇంచుమించు ఇదే చెప్పాలి. 1930లో విన్‌చెస్టర్ మార్కెట్లోకి తెచ్చిన ఆ తూటా 45 గ్రెయిన్ల గుండును సెకనుకు సుమారు 2,700 అడుగుల వేగంతో పంపుతుంది. 150 గజాల వరకు అది నమ్మకమైనదే, కాని కొత్తగా కొనేవారు దాని కోసం వెతకనక్కరలేదు.

.223 రెమింగ్టన్ దగ్గర కొంచెం ఆగవలసి ఉంది. రెమింగ్టన్ సంస్థలో మైక్ వాకర్ రూపొందించిన .222 రెమింగ్టన్ 1950లో వచ్చి, గురిపోటీల్లో పెద్ద పేరు తెచ్చుకున్నది. దాని గుల్లను, అంటే మందు పట్టే ఇత్తడి భాగాన్ని, కొంచెం పొడిగించి సైన్యపు అవసరానికి తయారు చేసినదే .223, 1964 నుంచి పౌరులకు కూడా అమ్మకానికి వచ్చింది. సైన్యం వాడే తూటాకు సోదరి కావడం వల్ల దీన్ని ఎన్నో కర్మాగారాలు విస్తారంగా తయారు చేస్తాయి. చిన్న పట్టణంలోని వ్యవసాయ పరికరాల దుకాణంలో కూడా ఇది దొరుకుతుంది, ధర కూడా మిగిలిన దూరపు తూటాలకంటే బాగా తక్కువ. 55 గ్రెయిన్ల వి-మ్యాక్స్ గుండుతో హోర్నడీ తయారుచేసే తూటా వేగం సెకనుకు 3,240 అడుగులు. 200 గజాలకు గురి కుదిర్చితే 300 గజాల దగ్గర ఏడంగుళాలు, 400 గజాల దగ్గర ఇరవైయొక్క అంగుళాలు కిందికి దిగుతుంది. ఈ దిగుడు మనకు ముందే తెలిసినది, మారనిది. దూరం కొలిచే లేజరు పరికరం, స్కోపు (రైఫిలు మీద గురి చూసే దుర్భిణి) మీద తిప్పుకునే గుండీ ఉంటే దాన్ని సరిచేసుకోవడం కష్టం కాదు.

ఆ తూటాను అరచేతిలో పెట్టుకొని చూస్తే ఇత్తడి గుల్ల, దాని కొసన రాగి తొడుగు గుండు, గుండు మొనన ఎర్రని ప్లాస్టిక్ ముల్లు కనిపిస్తాయి. మొత్తం పొడవు రెండుంపావు అంగుళాలు. మేత భూమిలో ఒక గట్టు మీద రైఫిలు రెండు కాళ్ళ స్టాండు మీద నిలిపి, దానితో నేను కాల్చినప్పుడు, ఎడమ నుంచి వీస్తున్న గాలికి గుండు బొరియ మన్నుకు కుడివైపున చెయ్యి వెడల్పు దూరంలో పడి, ఎర్రటి దుమ్ము లేచి గడ్డి మీదుగా కొట్టుకుపోవడం స్కోపులో స్పష్టంగా కనిపించింది. పక్కన దుర్భిణి పెట్టుకొని చూస్తున్న మా మేనల్లుడు, "మామా, మన దగ్గర గడ్డి కదలడం లేదు గాని, మధ్యలో ఆ పల్లం దగ్గర చూడు, గడ్డి వాలిపోతున్నది" అన్నాడు. దారి మొత్తంలో గాలి ఒకే రీతిగా ఉండదన్న సంగతి చదివితే ఒక రకంగా తెలుస్తుంది, గుండు పడిన చోటు చూస్తే వేరొక రకంగా బోధపడుతుంది. ఈ పాఠం మాటిమాటికీ చెప్పించుకోవడానికి .223 ధర సహకరిస్తుంది.

గొట్టం మెలి గురించి శ్రద్ధగా అడిగి తెలుసుకోవాలి. రైఫిలు గొట్టం లోపలి గాడులు ఎన్ని అంగుళాలకు ఒక చుట్టు తిరుగుతాయన్న దాన్ని బట్టి, ఎంత పొడవైన గుండు గాలిలో తిన్నగా పోతుందో నిర్ణయమవుతుంది. పాత .223 రైఫిళ్ళలో పన్నెండు అంగుళాలకు ఒక చుట్టు ఉండేది. దానితో 55 గ్రెయిన్ల లోపు గుళ్ళే సరిగా నిలుస్తాయి. ఎనిమిది అంగుళాలకు ఒక చుట్టు ఉన్న గొట్టంలో 55 గ్రెయిన్లవే కాక, 73, 75 గ్రెయిన్ల పొడవైన గుళ్ళు కూడా చక్కగా పోతాయి. ఇందులో నాకు అన్నిటికంటే నచ్చిన విషయం ఒకటి ఉంది. హోర్నడీ వారి 73 గ్రెయిన్ల ఇ.ఎల్.డి. మ్యాచ్ తూటా వేగం సెకనుకు 2,790 అడుగులే అయినా, గాలిని చీల్చుకుపోయే రూపం వల్ల 300 గజాల దగ్గర పది మైళ్ళ గాలికి ఏడెనిమిది అంగుళాలే జరుగుతుంది. అంటే సెకనుకు దాదాపు తొమ్మిది వందల అడుగులు ఎక్కువ వేగమున్న .22-250 యొక్క 55 గ్రెయిన్ల గుండుకంటే కూడా ఇది గాలికి బాగా నిలుస్తుందన్నమాట. దిగుడు కొంచెం ఎక్కువే, కాని దిగుడును కొలిచి సరిచేసుకోవచ్చునని ముందే చెప్పాను. అది గురిపోటీల కోసం చేసిన గుండు గనుక వి-మ్యాక్స్ మాదిరి నేలను తాకగానే ముక్కలు కాదు. కనుక వెనుక గట్టి మట్టి గట్టు ఉన్నచోటే దాన్ని వాడాలి.

ఒక హెచ్చరిక కూడా అవసరం. సైన్యపు 5.56 తూటా చూడటానికి .223 లాగానే ఉంటుంది, అదే రైఫిలులో పడుతుంది కూడా. కాని .223 అని మాత్రమే ముద్ర ఉన్న గొట్టంలో దాన్ని కాల్చకూడదు. తూటా కూర్చునే గది కొలతల్లో తేడా ఉండటం వల్ల ఒత్తిడి హద్దు దాటవచ్చు.

.22-250 రెమింగ్టన్‌ను తక్కువ చేసి మాట్లాడటం నా ఉద్దేశం కాదు. 1915 నాటి .250 సావేజ్ తూటా గుల్ల మెడను .22కు కుదించి, 1930లలో ఔత్సాహికులు సొంతంగా చేసుకున్న తూటా ఇది. 1965లో రెమింగ్టన్ దానికి ప్రామాణిక కొలతలు కల్పించి ఫ్యాక్టరీ తూటాగా మార్చింది. 55 గ్రెయిన్ల గుండు సెకనుకు 3,680 అడుగుల వేగంతో పోతుంది. 200 గజాల గురితో 300 గజాల దగ్గర దిగుడు అయిదంగుళాలే. నాలుగు వందల గజాలు దాటి కొట్టేవారికి, శీతాకాలంలో కయోటీ (తోడేలు జాతి జంతువు) వంటి కొంచెం పెద్ద జంతువు మీదికి వెళ్ళేవారికి దీని బలం నిజంగా ఉపయోగపడుతుంది. కాని ఒకేచోట కూర్చొని గంటల తరబడి కాల్చే ప్రెయిరీ డాగ్ వేటలో దీని లోపం బయటపడుతుంది. .223కంటే దాదాపు ఒకటిన్నర రెట్ల తుపాకీ మందు అదే వెడల్పు గొట్టంలో మండటం వల్ల గొట్టం త్వరగా వేడెక్కుతుంది. కొన్ని తూటాలు వెంటవెంట కాల్చగానే గొట్టం మీదినుంచి లేచే వేడి ఆవిరి స్కోపు ముందుకు వచ్చి, దూరాన ఉన్న గట్టు నీళ్ళలో ఉన్నట్టు కదలాడింది. అప్పుడు గొట్టం చల్లారేదాకా ఆగడం తప్ప మార్గం లేదు. ఆగకుండా కాల్చితే గొట్టం మొదట్లో గాడులు అరిగిపోయి, గురి పోయి, గొట్టమే మార్చవలసి వస్తుంది. పాత పద్ధతి గొట్టాల్లో పద్నాలుగు అంగుళాలకు ఒక చుట్టే ఉంటుంది గనుక బరువైన గుళ్ళు కూడా పనికిరావు. ఈ మధ్య వేగమైన మెలితో కొన్ని రైఫిళ్ళు వస్తున్నాయి. కొనదలచినవారు అవే చూసుకోవాలి. తూటా ఖర్చు మాత్రం .223తో పోలిస్తే రెట్టింపుకు దగ్గరగా ఉంటుంది.

.204 రూగర్ నాకు ఎంతో ఇష్టమైన తూటా. హోర్నడీ, రూగర్ సంస్థలు కలిసి 2004లో దీన్ని తెచ్చాయి; .222 రెమింగ్టన్ మాగ్నమ్ గుల్ల దీనికి ఆధారం. 32 గ్రెయిన్ల గుండు వేగం సెకనుకు 4,225 అడుగులు, 40 గ్రెయిన్లది 3,900 అడుగులు. డబ్బా మీద పెద్ద అంకె చూసి 32 గ్రెయిన్లది కొనేవారే ఎక్కువ. కాని 40 గ్రెయిన్ల గుండు గాలిని తట్టుకునే తీరు దానికంటే ఎంతో మెరుగు గనుక నేను దాన్నే సిఫారసు చేస్తాను. దీని అసలు సుగుణం తన్ను తక్కువ కావడం. ట్రిగ్గర్ నొక్కిన తరువాత కూడా స్కోపులో దృశ్యం చెదరదు, గుండు ఎక్కడ పడిందో కాల్చినవారే చూసుకోవచ్చు, పక్కన చెప్పేవారు లేకపోయినా మరుసటి గుండును సరిచేసుకోవచ్చు. ఒంటరిగా వెళ్ళేవారికి ఇది గొప్ప మేలు. అయితే గుళ్ళ రకాలు తక్కువ, చిన్న ఊళ్ళలో అన్ని రోజుల్లో దొరకదు, సన్నని గొట్టం శుభ్రం చేయడానికి ప్రత్యేకమైన సన్న ఊచ కావాలి. కనుక దీన్ని రెండవ రైఫిలుగా కొనుక్కోవడం మంచిది.

మిగిలినవాటిని త్వరగా ముగిస్తాను. .220 స్విఫ్ట్ 1935లోనే 48 గ్రెయిన్ల గుండును సెకనుకు 4,110 అడుగుల వేగంతో పంపిన ఘనత గల తూటా, కాని ఈనాడు దానికి కొత్త రైఫిళ్ళు దొరకడమే అరుదు. .224 వాల్కిరీ, 2024లో వచ్చిన .22 ఏఆర్‌సీ పొడవైన గుళ్ళ కోసం పుట్టినవి, నాలుగైదు వందల గజాల మీద మనసున్నవారు పరిశీలించవచ్చు. .243 విన్‌చెస్టర్ జింకల వేటకు కూడా పనికివస్తుంది, గాలికి బాగా నిలుస్తుంది. అయితే రోజంతా కాల్చేసరికి భుజానికి అలసట తెలుస్తుంది.

క్యాలిబర్ ఏదైనా, పశువులున్న చోట పలుచని తొడుగు, ప్లాస్టిక్ మొన ఉన్న గుండునే ఎంచుకోవాలి. అది జంతువును తక్షణమే చంపుతుంది, తప్పిపోతే మట్టిలో ముక్కలైపోతుంది. పూర్తి లోహపు తొడుగున్న సైనిక గుండు చవక కావచ్చు, కాని అది గాయపరచి వదిలివేస్తుంది, రాయి తగిలితే ఎగిరి ఎటో పోతుంది. వేటకు దాన్ని వాడకూడదు. పెట్టెల మీది లాట్ నంబరు (ఏ విడతలో తయారైనవో చెప్పే సంఖ్య) కూడా చూసుకోవాలి. ఒక దుకాణంలో మాకు అంటగట్టిన పాత నిల్వలో రెండు లాట్ల పెట్టెలు కలిసి ఉండటంతో, మధ్యాహ్నం పెట్టె మార్చగానే గుళ్ళు రెండంగుళాలు పైకి పోవడం మొదలైంది. మళ్ళీ గురి కుదుర్చుకునేసరికి ఆ పూట గడిచిపోయింది. రోజుకు సరిపడా పెట్టెలన్నీ ఒకే లాట్‌లోనివి కొనుక్కుంటే ఈ ఇబ్బంది రాదు. చెవులకు రక్షణ మాత్రం ఎవరూ మరువకూడదు. ఈ చిన్న తూటాల్లో చాలావాటి చప్పుడు కూడా 140 డెసిబెల్స్ దాటుతుంది, పోయిన వినికిడి తిరిగి రాదు.

సీసం విషయం కూడా ఆలోచించదగినది. చచ్చి పడిన జంతువులను గద్దలు తింటాయి, ఆ కళేబరాల్లోని సీసపు తునకలు గద్దల ఒంట్లోకి పోతాయి. కాలిఫోర్నియాలో 2019 జూలై 1 నుంచి వేటలన్నిటికీ సీసం లేని గుళ్ళే వాడాలన్న చట్టం పూర్తిగా అమలులో ఉంది. ఇతర రాష్ట్రాల్లో అన్ని వేటలకూ ఇలాంటి నిర్బంధం లేకపోయినా, రాగి గుళ్ళు అందుబాటులో ఉన్నచోట అవి వాడటం మేలని నా నమ్మకం. రాగి తేలిక గనుక అదే బరువుకు గుండు పొడవుగా ఉంటుంది, దానికీ వేగమైన మెలి ఉన్న గొట్టమే కావాలి.

మనవారు తప్పక తెలుసుకోవలసిన చట్టం ఒకటుంది. హెచ్-1బి వంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవారు తుపాకీ గాని, తూటాలు గాని దగ్గర ఉంచుకోవడాన్ని అమెరికా కేంద్ర చట్టం నిషేధిస్తుంది. ఏదైనా రాష్ట్రం సక్రమంగా జారీ చేసిన, గడువు తీరని వేట లైసెన్సు చేతిలో ఉన్నవారికి ఆ చట్టంలోనే మినహాయింపు ఉంది. చూడటానికి వెళ్ళిన తల్లిదండ్రులకు కూడా ఇదే వర్తిస్తుంది. అందుకే నేను రైఫిలు ముట్టుకోకముందే మా మేనల్లుడు నా పేరిట సౌత్ డకోటా లైసెన్సు తీయించాడు. లైసెన్సు గడువు తీరిన మరునాడు ఇంట్లో రైఫిలు ఉన్నా నేరమే గనుక తేదీ గుర్తుంచుకోవాలి. భూమి విషయంలో కూడా జాగ్రత్త కావాలి. నల్లకాళ్ళ ఫెరెట్ అనే అంతరించిపోతున్న జంతువు ప్రెయిరీ డాగ్‌లనే తిని, వాటి బొరియల్లోనే బతుకుతుంది. వాటిని సంరక్షిస్తున్న కొనాటా బేసిన్ వంటి చోట్ల ప్రెయిరీ డాగ్‌లను కాల్చడానికి వీల్లేదు. యూటా రకం ప్రెయిరీ డాగ్‌కు కేంద్ర చట్టమే రక్షణ కల్పించింది.

తిరుగు ప్రయాణంలో సామాను సంచుల అరలన్నీ ఖాళీ చేసి చూసుకోవాలి. వేటకు తీసుకువెళ్ళిన సంచినే చెన్నై విమానానికి వాడితే, అడుగున మరిచిపోయిన ఒక్క తూటా చాలు, 1959 నాటి ఆయుధ చట్టం కింద కేసు కావడానికి.

ఊరికి వచ్చిన తరువాత ఉదయగిరి, రాపూరు వైపు బంధువులు నన్ను అడిగిన ప్రశ్న వేరు. వెలిగొండల నుంచి రాత్రిళ్ళు దిగి వేరుశనగ చేలు పెళ్ళగించే అడవిపందులకు ఈ చిన్న తూటా పనికిరాదా అని అడిగారు. పనికిరాదు. మూడు పౌన్ల జంతువు కోసం చేసిన పలుచని గుండు పంది భుజపు మందపాటి చర్మం దగ్గరే ముక్కలై, దాన్ని గాయపరచి వదులుతుంది. గాయపడిన పంది మనుషుల మీదికి వస్తుంది. అంతకు ముందు చట్టం ఉంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం, లైసెన్సు ఉన్న తుపాకీతో అయినా ఎవరంతట వారు అడవిపందిని కాల్చడం నేరం. 2022 సవరణ తరువాత అది రెండవ షెడ్యూలులో ఉంది. నిలిచి ఉన్న పంటకు ప్రమాదకరంగా మారిన పందిని చంపడానికి, సెక్షన్ 11 కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గాని, ఆయన అధికారమిచ్చిన అధికారి గాని రాతపూర్వకంగా ఉత్తర్వు ఇవ్వాలి. పంట నష్టం జరిగిన రైతు చేను ఫొటోలతో, పాసు పుస్తకం నకలుతో అటవీ రేంజి కార్యాలయంలో దరఖాస్తు పెట్టుకోవాలి. చేను చుట్టూ కరెంటు తీగ లాగడం మాత్రం ఎవరూ చేయకూడదు. ఆ తీగలకు పందులకంటే ముందు తెల్లవారుజామున చేలోకి వెళ్ళిన మనుషులే బలైన సందర్భాలు ఉన్నాయి.